పులిపిరియు మత్తువాయువును
చర్మముపై లేచెడి నిరపాయమైన పెరుగుదలలలో పులిపిరికి ఉన్నన్ని చికిత్సలు మరి దేనికిని లేవు. గుర్రపు తోకవెంట్రుకతో మొదలు బిగగట్టినవారును, సున్నము పెట్టినవారును, జీడిరసము పూసి చుట్టుప్రక్కల చర్మమంతయు బొబ్బలెక్కించుకొన్నవారును నాయొద్దకు వచ్చుచునే యున్నారు. ఆ మందు చేతనే పులిపిరి రాలిన బంధువొకడు వీరిలో ప్రతివారికిని ఉండును. వారి మాట అబద్ధము కాదు. పులిపిరి వైరసు వలన కలుగునని 1907లో ఇటలీ వైద్యుడు చుఫ్ఫో నిరూపించెను. శరీరము ఆ వైరసును పసిగట్టిన నాడు ఏ మందును లేకయే అది అణగిపోవును. పిల్లలలో ఇంచుమించు మూడింట రెండువంతులు రెండేండ్లలో ఇట్లే పోవుచుండగా, ఆ వేళకు చేత నున్న చికిత్సకు కీర్తి దక్కుచున్నది.

శస్త్రచికిత్సలలో మత్తుకై వాడెడి నైట్రస్ ఆక్సైడునకును ఈ కీర్తిలో పాలు కలదు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున దంతవైద్యుడు హొరేస్ వెల్స్ ఈ వాయువును పీల్చి, తన పంటినే తీయించుకొని, నొప్పి తెలియలేదని సంతసించెను. ఆ వాయువునే సిలిండరులోని పీడనము నుండి సన్నని రంధ్రము గుండ విడిచినచో, అది ఒక్కుమ్మడి వ్యాకోచించి, లోహపుమొనను సున్నకు దిగువ 80 డిగ్రీల దాపునకు చల్లబరచును. మొన తగిలిన చర్మము గడ్డకట్టి, పొక్కి, కొన్నాళ్లకు ఊడిపోవును. ఇదే పనికి వాడెడి ద్రవ నైట్రోజను సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనము కలదియే గాని, నిలువ యుంచిన కొలది ఆవిరియగు ఆ ద్రవము చిన్న పట్టణములకు సులభముగా అందదు. నొప్పిని మాన్పుటకు వచ్చిన వాయువు ఇచ్చట నొప్పిని కలిగించుట నన్నెప్పుడును కలవరపెట్టుచుండును, అందును రోగి పసివాడైనపుడు.

గడ్డకట్టించుట నిజముగా మేలు చేయునా? 2010లో వెలువడిన నెదర్లాండ్సు అధ్యయనమున 250 మందిని మూడు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు ద్రవ నైట్రోజనును, ఒకదానికి శాలిసిలిక్ ఆమ్లమును వాడి, మూడవదానిని ఊరక కనిపెట్టి చూచిరి. 13 వారములకు, సాధారణ పులిపిరులు నూటికి వరుసగా 49, 15, 8 మందికి పోయెను. అరికాలి పులిపిరులలో మాత్రము చెప్పదగిన భేదము కనబడలేదు. ద్రవ నైట్రోజను కంటె తక్కువ చల్లనైన, మేము వాడెడి నైట్రస్ ఆక్సైడునకు ఈ లెక్కలను యథాతథముగా అన్వయింపరాదు. ఐనను ఊరకుండిన వర్గమొకటి లేనిదే మనకు ఏమియు తెలిసియుండెడిది కాదు.

ఆనెకాయ యని తలచి ఏండ్లుగా కుంటుచు వచ్చిన కూలీ యొకతె అరికాలిని చెక్కి చూడగా నల్లని చుక్కలు బయటపడినవి, పులిపిరియే. “కరెంటు పెట్టి కాల్చేయండి డాక్టరుగారూ” అని ఆమె బ్రతిమాలెను. పొక్కిన పాదముతో ఆమెకు నాట్లు పోవును, కూలి పోవును. అందుచేత వేడినీట నానబెట్టి ఆమ్లపు పట్టీ వేయుట నేర్పి పంపితిని. తోటివారు చేయి పట్టుకొననీయక కబడ్డీ నుండి తొలగించిన బాలుని విషయము వేరు. వాని తండ్రి తొందరపడుచున్నను, ఎంత నొప్పియో ముందుగా వానికే చెప్పి, వాడు సరేయనిన పిమ్మట, వాడు చూపిన రెండు పులిపిరులను మాత్రము గడ్డకట్టించితిని.