ఫ్రిజ్ మీద కాగితం

మావాడు ఇక్కడ అమెరికాలో హైస్కూల్ క్రాస్ కంట్రీ టీంలో ఉన్నాడు. 5 కిలోమీటర్ల పరుగు. గడ్డి, బురద, మధ్యలో ఒక గుట్ట. సీజన్ మొదట్లో ఫ్రిజ్ మీద పసుపు కాగితం అంటించాడు: 19:59. దాని కింద చిన్నక్షరాల్లో, "మొదటి మైలు 6:25 కంటే ఫాస్ట్ వద్దు."

నేనేమో ఎంసెట్ ర్యాంకుల కాలం మనిషిని. "ఎన్నో ప్లేసు అనుకుంటున్నావురా?" అనడిగా.

"పక్కవాడి స్పీడు నా చేతిలో ఉంటుందా నాన్నా?" అన్నాడు.

జిమ్ రయన్ గుర్తొచ్చాడు. 1964లో, 17 ఏళ్లకే, మైలు 3:59.0లో కొట్టాడు. నాలుగు నిమిషాల్లోపు పరిగెత్తిన తొలి హైస్కూల్ కుర్రాడు. ఆ రేసులో అతని స్థానం ఎనిమిది. మా ఇంట్లో అయితే ముందు ఆ ఎనిమిది సంగతే తేల్చేవాళ్లం (వాళ్లం ఏమిటిలే, నేనే).

శనివారం రేసు. గుంపుతో పాటు కొట్టుకుపోయి మొదటి మైలు 6:02లో లాగించేశాడు. గుట్ట దగ్గర కాళ్లు మొరాయించాయి. చివరికి 20:31.

ఇంటికొచ్చాక బురద షూ అయినా విప్పకుండా ఫ్రిజ్ దగ్గరికెళ్లి, "వద్దు" కింద రెండు గీతలు గీశాడు. 19:59 మాత్రం కొట్టేయలేదు.