పెరట్లో పిల్లలకోడి

అమ్మకి కంటి ఆపరేషను అయిన నెలకి ఒక రాత్రి తులసికోట దగ్గిర నిలబడి చాలాసేపు పైకి చూసింది. లోపలికి వచ్చి, "ఆ డాక్టరు నా కళ్లు సరిగా చేసినట్టు లేదురా నాయనా, పిల్లలకోడి కనబడటం లేదు" అంది.

పిల్లలకోడి అంటే కృత్తికలే. మా వూళ్లో కళ్లాల రోజుల్లో "ఏడూ లెక్కపెడితేగాని అన్నం లేదు" అని నాకు వాటిని చూపించింది ఆవిడే.

నేనూ వెళ్లి చూశాను. నాకూ కనబడలేదు. మరి నాకు ఆపరేషను కాలేదే! ఇది హైదరాబాదు. గోడ అవతల వీధిదీపం, సందు మొగలో పెళ్లిళ్ల హాలు. రాత్రి పదింటికి కూడా ఆకాశం పల్చటి మజ్జిగలా వుంది. దీపాల వల్లనే అంటే అమ్మ నమ్మలేదు. మూడేళ్లుగా చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతుంటే, చూపే పోతున్నదనుకుని ఎవరికీ చెప్పకుండా దిగమింగిందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఈ నగరంలోనే, బేగంపేటలోని నిజామియా వేధశాలలో, ఒకప్పుడు గాజుపలకల మీద ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కకట్టారు. అటువంటిది, 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టవలసివచ్చేసరికి వూరికి దూరంగా రంగాపూరు వెళ్లారు. నేనెక్కడికి వెళ్లను? నాకున్నది పెరడే.

కొత్త ఫ్రిజ్ కోసం మా ఆవిడ దాచిన డబ్బుతో ఒక పాత కెమెరా, భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిప్పే చిన్న యంత్రం కొన్నాను. (ఫ్రిజ్ సంగతి ఇప్పుడు అడగకండి.) మొదటిసారి రెండు నిమిషాలు లెన్సు తెరిచి వుంచితే కాయితంలా తెల్లగా వచ్చింది. "చుక్కలా, పాలగిన్నా?" అంది మా ఆవిడ.

కిటుకు తరవాత తెలిసింది. ఒక్క పెద్ద ఫొటో కాదు, చిన్నచిన్నవి వందలు తియ్యాలి. సంతలో గోల క్షణక్షణానికీ మారుతుంది. ఒక మనిషి అదే మాట పదేపదే అంటూంటే చివరికి ఆ మాటే చెవిన పడుతుంది. చుక్క అన్ని ఫొటోల్లోనూ ఒకచోటే వుంటుంది, మచ్చలు చోటు మారుతాయి. అన్నీ కలిపి సగటు తీస్తే మచ్చలు అణుగుతాయి, చుక్క నిలుస్తుంది. ఆకాశపు తెల్లదనాన్ని కంప్యూటరులో తీసివెయ్యాలి. అయితే నాలుగు రెట్లు తీస్తేగాని ఫలితం రెండు రెట్లు కాదు.

అమావాస్య దగ్గిర రాత్రి, దండెం మీద దుప్పటి వేసి వీధిదీపానికి అడ్డుపెట్టాను. అర నిమిషం చొప్పున 240 ఫొటోలు. మధ్యలో లెన్సుకి మంచు పడితే మా ఆవిడే లేచివచ్చి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టింది.

మర్నాడు అమ్మని తెర ముందు కూచోబెట్టాను. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడు దాటింది, పదిహేను దాటింది. "ఇవన్నీ అప్పుడు లేవే!" అంది. ఆ గుంపులో వెయ్యికి పైగా వున్నాయనీ, ఈ వెలుగు అక్కడ బయలుదేరి దాదాపు 440 ఏళ్లయిందనీ చెప్పాను. చుట్టూ వుండవలసిన నీలి పొగ మాత్రం రాలేదు. అది చుక్కల వెలుగునే తిరగగొట్టే ధూళి. తెల్ల దీపాల కాంతిలో అన్ని రంగులూ వుంటాయి గనక ఏ ఫిల్టరూ దాన్ని విడదియ్యలేదు.

"పుస్తకంలో బొమ్మ కాదు గదా?" అంది అనుమానంగా. ఒక మూల చెదిరినట్టు నల్లటి గీత పడింది, చివరి ఫొటోల్లో అడ్డొచ్చిన కొబ్బరాకు.

"మన చెట్టే" అంది.

ఆ రాత్రి మళ్లీ పెరట్లోకి వెళ్లింది. ఎక్కడో చూపించమంది, చూపించాను. ఏమీ లేని ఆ చోటుకేసి కాసేపు చూసి లోపలికి వచ్చింది. నేను కంటిమందు సీసా తీసేసరికి మెల్లిగా అడిగింది:

"డాక్టరుగారు రోజుకి రెండుసార్లే కదూ వెయ్యమన్నది?"

"అవునమ్మా, ఏం?"

"ఏం లేదులే. ఆరుసార్లు వేసుకుంటున్నాను."