పదును ఎంత ఉండాలి?

వంటింటి కత్తి ఎంత పదునుగా ఉండాలి? ప్రశ్న చిన్నదే. అయినను, నిత్యమూ వ్రేళ్ళకు అంగుళం దూరంలో పనిచేసే సాధనం కనుక ఆలోచింపదగినదే.

మా ఇల్లు ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఈ ఊరికి వచ్చి స్థిరపడినవి. మా వంటిళ్ళలో కత్తిపీట, పొరుగు బెంగాలీల ఇళ్ళలో బొటి. రెండింటి సూత్రమూ ఒకటే: కత్తి కదలదు, చేయి కదులుతుంది.

మా తల్లిగారికి ఎనభై ఏండ్లు దాటినవి. వ్రేళ్ళలో పట్టు సడలినది, కాని కూరలు తరిగే పని మాత్రం ఎవరికీ ఇవ్వరు. కత్తిపీటను మొద్దుగా ఉంచితే క్షేమమని బంధువుల సలహా. మేము సమ్మతింపలేదు. మొద్దు కత్తికి టమాటా తొక్క తెగదు. చేయి బలంగా నొక్కుతుంది. కాయ జారినచో ఆ బలమంతా వ్రేళ్ళను కత్తి మీదికే తోస్తుంది. బలహీనమైన చేతికే పదును ఎక్కువ అవసరం.

అట్లని క్షురకుని కత్తివంటి అంచు కూడదు. లేత్ మీద పనిచేసినవారు ఎరుగుదురు: పనిముట్టు కోణం తగ్గిన కొలదీ కోత సుళువు, అంచు అల్పాయువు. వంటింటి కత్తికి ఒక్కొక్క ప్రక్క 15 నుండి 20 డిగ్రీలు చాలును. ఎముకలు నరికే కత్తికి ఇంకను మందమైన అంచు కావలెను. అద్దంవలె నునుపెక్కిన అంచు వెంట్రుకను తెగగోయును గాని, టమాటా తొక్కపై జారవచ్చును. సానరాయి మిగిల్చిన కంటికి కనిపించని గరుకు ఆ తొక్కను పట్టుకొనును. పండిన టమాటాపై ఆనించి లాగినంతనే, నొక్కకుండగనే తెగినచో ఆ పదును సరిపోయినట్లే.

సైకిలు చక్రంతో సాన పట్టేవానికి ఇచ్చునపుడు ఒక జాగ్రత్త. నిప్పురవ్వలు రాలేటట్లు అదిమిపట్టి, అంచు నీలిరంగుకు తిరిగినదా, ఉక్కు టెంపర్ పోయినట్లే. ఆపై పదును నిలువదు. అందుచేత ప్రతి ఆదివారం తడి సానరాయిపై మేమే పది సార్లు రుద్దుచున్నాము. పని కాగానే కత్తిపీట మడచి గోడవారగా పెట్టవలెనన్నది ఇంటిలోని నియమం.

మా తల్లిగారు తరిగిన బెండకాయ ముక్కలు నేటికినీ ఒకే కొలతలో ఉంటున్నవి.