పండుగప్ప

పట్టిన చేపను మరల నీట విడుచుట యొక వినోదమని చెప్పిన, సోదరీమణులలో బలువురు నవ్వుదురు. మన గోదావరీతీరపు ఇండ్లలో చేప యనగా కత్తిపీటయు చింతపండు పులుసును జ్ఞప్తికి వచ్చుట సహజము. అయినను ఈ వినోదమునందు గృహిణులు విచారింపదగిన విషయ మొకటి కలదు.

ఫ్లోరిడాలో ఉద్యోగము చేయు మా మరది, గత మాఘమాసమున భద్రాచలమునకు వచ్చినపుడు, ఈకలను వెండ్రుకలను దారముతో జుట్టిన గాలములను దెచ్చెను. అచ్చటి మడ అడవుల నీటిలో స్నూక్ అను చేపను వీనితో బట్టుదురు. మామూలు గాలమునకు గట్టిన సీసపుగుండు దారమును లాగికొనిపోవును. ఈ గాలము ఈకవలె తేలికయగుటచే దారమునే లావుగను బరువుగను జేయుదురు. కర్రను వెనుకకును ముందునకును ఊపగా నాదారము కొరడావలె సాగి గాలమును మెల్లగ నీటిపై దించును. చేప దానిని రొయ్యయని భ్రమించి పట్టుకొనును.

స్నూకునకు మన పండుగప్ప దూరపు చుట్టము. పూర్వము శాస్త్రజ్ఞులు రెంటిని ఒకే కుటుంబమున జేర్చిరి. నేడు వేరుగా నెంచుచున్నారు. పండుగప్ప ఉప్పునీట బుట్టి, పిల్లయై యున్నపుడు నదిలోని మంచినీటికి ఎదురీది, పెరిగి, సంతానార్థము మరల సముద్రముఖమునకు దిగును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట చేపలు ఎగువకు వచ్చు త్రోవకు అడ్డు గలిగినది. కావున మా భద్రాచలమున గోదావరిని జూచుచునే, పండుగప్పను మంచుగడ్డల పెట్టెలో జూడవలసి యున్నది.

మరది కోరికపై మేమందరము కాకినాడ ప్రాంతమునకు బోతిమి. కోరంగి మడ అడవి 1978 నుండి అభయారణ్యము. అది గాలపు వినోదమునకు దగదు గాన, దాని వెలుపలి పాయలో పడవ గట్టించుకొంటిమి. ఆటుపోటులలో ఆటు సమయమున, చెట్లవేళ్ల నడుమనుండి చిన్న చేపలును రొయ్యలును నీటితోబాటు వెలికి వచ్చును. పండుగప్ప ఆ వేళ్ల నీడలోనే పొంచియుండును. రెండు జాములు గడచిన తరువాత నొకటి చిక్కెను. ఎనిమిది కిలోలకు దక్కువ యుండదని పడవవాడు చెప్పెను. మరది చేతులు తడిపికొని, గాలము దీసి, దానిని నీటిలోనే నిలిపి, ఊపిరి దేరిన పిమ్మట విడిచెను.

"సేపని వదిలేత్తే కూడెలా వత్తదమ్మగారూ?" యని పడవవాడు మావైపు దిరిగి యడిగెను. అతనికి పడవకూలి ముట్టినమాట నిజమే. కాని ఆ చేపవెల అతని యింట కొన్నిదినముల గ్రాసము. ఆ ప్రశ్న న్యాయమైనది.

"వదినగారూ, అది తల్లిచేప" యని మరది యనెను. పండుగప్పయు స్నూకును మగవిగా బెరిగి, కొన్ని సంవత్సరములకు ఆడవిగా మారును. అందుచే మిక్కిలి పెద్దవి చాలవరకు ఆడవే. ఒక్క పెద్దచేపను జంపిన లక్షలకొలది గ్రుడ్లు నష్టమగును. భాగవతమున సత్యవ్రతుని దోసిట బడిన చేపపిల్ల, పెద్దచేపలు మ్రింగునని వెరచి శరణువేడెను. ఇచ్చట శరణ మీయదగినది పెద్దచేపయే.

ఫ్లోరిడాలో 1957 నుండి స్నూకును అమ్మరాదు. మరీ పెద్దదానిని, మరీ చిన్నదానిని విడువవలెను. అచ్చట నది వినోదము. ఇచ్చట పండుగప్ప బెస్తవారి జీవనాధారము. ఆ శాసనమును యథాతథముగ దెచ్చి పేదవాని కుండను బోర్లించుట ధర్మము గాదు.

అయిన ఈ భార మెవరిది? బేరమాడు మనదే యని మా తలంపు. బజారులో అన్నిటికంటె పెద్దచేపనే కోరి, అధికమైన వెల యిచ్చువారము మనము. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధనాసంస్థవారు 1997లో పండుగప్పచే గ్రుడ్లు పెట్టించి పిల్లలను దీసిరి. నేడు చెరువులలో బెంచినవియు దొరకుచున్నవి. విందునకు మధ్యరకపు చేప చాలును. నడితరపు చేపకు మంచి వెల యిచ్చి, తల్లిచేపను అడుగకున్న, బెస్తవాని కూడును నిలుచును. మడవేళ్ల నీడలో తల్లియు నిలుచును.