సాలెగూడూ నిశ్శబ్దమూ

మేము ఆడే ఆటలో కొన్ని మంత్రాలు వేసి వదిలేస్తే నిలవవు. వేసినవాళ్లు వాటి మీదే ధ్యాస పెట్టి ఉండాలి. అలాంటి మంత్రాన్ని ఒక మనిషి ఒకసారికి ఒక్కటే నిలపగలడు. రెండోది మొదలుపెట్టగానే మొదటిది మాయమైపోతుంది. ఈ నియమం చదివిన రోజు మాకు అస్సలు నచ్చలేదు. మంత్రగాడన్నాక చేతినిండా మంత్రాలు ఉండాలి కదా!

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. నీ పాత్ర ఏం చేస్తుందో నువ్వు నోటితో చెబుతావు, అది అవుతుందో లేదో పాచిక చెబుతుంది. మూల నియమాలను 2023 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందుకని మాకు కావలసిన పేజీలు ప్రింటు తీయించి స్పైరల్ వేయించుకున్నాం. 20 ముఖాల పాచిక మాత్రం అందరికీ కలిపి ఒక్కటే.

మేము అంటే అక్కా తమ్ముడూ, ఒకరు తొమ్మిదో తరగతి, ఒకరు ఏడు. జబల్‌పూర్‌లో మా బ్లాకులోనే ఆడతాం. తమ్ముడు మాంత్రికుడు, అక్క దొంగ. ఆడపిల్ల దొంగ ఏమిటని అమ్మమ్మ ఫోన్లో ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. పై అంతస్తు బెంగాలీ అమ్మాయి పూజారి. ఆటలో కాకపోయినా మేము ఆమెని పూజారి అనే పిలిచేవాళ్లం, పలికేది కూడా. పక్క బ్లాకు గఢ్వాలీ అబ్బాయి యోధుడు. వాడికి మంత్రాలు రావు, తలుపులు పగలగొట్టడం వచ్చు. కథ నడిపేది ఎదురింటి భయ్యా, పదకొండో తరగతి.

మొదట్లో ఎవరి మంత్రం వాళ్లదే. రెండు మంత్రాలు కలపడం మాకు పొరపాటున తెలిసింది. ఒక గుహలో తమ్ముడు వెబ్ అనే మంత్రం వేశాడు. 20 అడుగుల మేర సాలెగూడు పరుచుకుని గాబ్లిన్లు అందులో చిక్కుకున్నారు. అక్క ఊరుకోకుండా కాగడా విసిరింది. సాలెగూడు అంటుకుని గాబ్లిన్లకి గట్టిగానే కాలింది. మేము చప్పట్లు కొట్టేలోపు గూడు మొత్తం బూడిదైంది, మిగిలిన గాబ్లిన్లు విడిపోయి మా మీదికే వచ్చారు. ఖైదీలని మేమే విడిపించుకున్నట్టయింది. ఆ రోజే లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో ఒక పట్టిక మొదలుపెట్టాం: ఏ మంత్రంతో ఏ మంత్రం, ఎవరెవరు వేయాలి, ఎక్కడ చెడింది.

ఆ పట్టికలో ఎక్కువ గొడవ జరిగింది గ్రీజ్ మంత్రం దగ్గర. అది నేలంతా జిడ్డు చేస్తుంది, శత్రువులు జారి పడతారు. జిడ్డు అంటే నూనే కదా, నిప్పు పెడితే మండదా అని తమ్ముడు. మండుతుందని నియమాల్లో ఎక్కడా రాయలేదు కాబట్టి మండదని పూజారి. ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. చివరికి వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగాం. అమ్మ చేతిలో అట్లకాడతోనే, "ఒత్తి లేకుండా ఒట్టి నూనె ఎక్కడైనా వెలుగుతుందా?" అంది. భయ్యాకి ఆ మాట తెగ నచ్చింది. ఒత్తి లాంటిది ఏదైనా ఉంటే మండుతుంది, లేకపోతే లేదని తీర్పు చెప్పాడు. అక్క తన పాత్ర కప్పుకున్న దుప్పటి తీసి జిడ్డులో పరిచింది. మండింది. దుప్పటి పోయింది. ఆ తర్వాత మంచుకొండలు వచ్చాయి, చలికి వణుకుతూ ఎక్కాం. అమ్మ తీర్పుకి అంత ఖర్చవుతుందని అప్పుడు తోచలేదు.

తాతయ్య చెప్పే భారతంలో ఆగ్నేయాస్త్రం వేస్తే అవతలివాడు వారుణాస్త్రం వేస్తాడు, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మాకు కావలసింది ఒకదానికొకటి తోడయ్యేవి.

అసలు అవసరం కోటలోని దుష్ట మాంత్రికుడితో వచ్చింది. వాడు మా చేతికి చిక్కినట్టే చిక్కి మూడుసార్లు తప్పించుకున్నాడు. వాడి దగ్గర మిస్టీ స్టెప్ ఉంది. నోటితో ఒక్క మాట అంటే చాలు, 30 అడుగుల అవతల తేలతాడు. సాలెగూడు వేస్తే మాట అనేసి బయటపడ్డాడు. పూజారి దగ్గర సైలెన్స్ ఉంది. ఆ గోళంలో ఏ శబ్దమూ పుట్టదు, కాబట్టి నోటితో చదవాల్సిన మంత్రమేదీ పనిచేయదు. అది వేస్తే వాడు మంత్రం జోలికే పోకుండా కాళ్లతో నడిచి బయటికి వెళ్లిపోయాడు. విడివిడిగా రెండూ దండగే. రెండూ ఒకేచోట పడితే? నడవలేడు, పలకలేడు.

తమ్ముడు వెంటనే రెండు మంత్రాలూ వచ్చిన పాత్ర తయారుచేసుకుంటానన్నాడు. "రెండూ నేర్చుకో, కానీ రెండూ ఒకేసారి నిలపలేవు" అన్నాడు భయ్యా. రెండింటికీ ధ్యాస కావాలి. అంటే రెండు తలలు కావాలి. పట్టికలో 'ఎవరు' అన్న చోట మాంత్రికుడు, పూజారి అని రాశాం.

మార్చి పరీక్షల మధ్యలో పూజారి వాళ్ల నాన్నగారికి జోధ్‌పూర్ ఆర్డరు వచ్చింది.

చివరి ఆట వాళ్ల ఖాళీ ఇంట్లోనే ఆడాం. కర్టెన్లు తీసేశారు, మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. నల్ల ట్రంకు పెట్టెని బల్ల చేసుకున్నాం. దాని మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు తెల్ల రంగుతో అప్పుడే రాశారు. ఆ తడి మా పాచికకి అంటుకుంది. 7 అంకె మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ముందు ఎవరి వంతని పాచిక వేస్తే తమ్ముడికి 17, దుష్టుడికి 14, పూజారికి 9 వచ్చాయి. తమ్ముడు ముందే సాలెగూడు వేస్తే దుష్టుడు తన వంతులో మాట అనేసి పోతాడు. అందుకని తమ్ముడు మొదటి వంతు కావాలనే చిన్న మంత్రంతో సరిపెట్టాడు. తమ్ముడి పద్ధతికి అదొక పెద్ద త్యాగం. దుష్టుడు పూజారి మీద అగ్నిబాణాలు వేశాడు. ఆమెకి ప్రాణం 11 మిగిలింది. ఆమె సైలెన్స్ వేసింది. వెంటనే మళ్లీ తమ్ముడి వంతు, సాలెగూడు. తప్పించుకోవాలంటే దుష్టుడికి 13 రావాలి. భయ్యా అందరి ముందూ వేశాడు. 6, దానికి 2 కలిపితే 8.

ఎవరం అరవలేదు. గోళంలో శబ్దం ఉండదు కదా అని పూజారి నోటి మీద వేలు పెట్టింది, మేమూ అలాగే పెట్టుకున్నాం. అక్క నోరు విప్పకుండా విల్లు ఎక్కుపెట్టినట్టు చేతులు చూపించింది. భయ్యా సామాన్లు చుట్టడానికి తెచ్చిన పాత పేపరు చింపి, దాని అంచు మీద హిందీలో 'లొంగిపోతున్నాను' అని రాసి ట్రంకు మీద పెట్టాడు. అప్పుడు కూడా ఎవరం ఏమీ అనలేదు. కింద నుంచి ఆంటీ లారీ వచ్చిందని పిలిచేవరకూ అలాగే కూర్చున్నాం.

ఆ పేపరు ముక్క నోట్‌బుక్‌లో అంటించాం. సాలెగూడు ఇప్పటికీ వేస్తాం, పక్కన సైలెన్స్ లేదు. కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చిన అబ్బాయి ఒకసారి ఆడి చూసి క్రికెట్టే మేలన్నాడు. తప్పు పట్టలేం.

పోయిన వారం జోధ్‌పూర్ నుంచి పూజారి ఫోన్. అక్కడ ఒక ముగ్గురు దొరికారట. ఒకడికి ఎంటాంగిల్ మంత్రం వచ్చట, నేలలోంచి తీగలు లేచి పట్టుకుంటాయి. "సైలెన్స్‌తో అది కలుస్తుందా?" అని అడిగింది. స్పీకర్ పెట్టి, స్పైరల్ పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాం. ఇది కూడా 20 అడుగులే, దీనికీ ధ్యాస కావాలి. సాలెగూడు నుంచి చురుకుతనంతో తప్పించుకోవచ్చు, తీగల నుంచి తప్పించుకోవాలంటే బలం ఉండాలి. మాంత్రికుల్లో బలవంతులు తక్కువ.

"మన సాలెగూడు కన్నా ఇదే మేలేమో" అన్నాం. తమ్ముడు మాత్రం ఆ మాట అనలేదు. పట్టికలో కొత్త వరస గీసి, 'ఎవరు' అన్న చోట పూజారి అని రాసి, పక్కన ఏం రాయాలో తెలియక వాడి పేరేమిటని అడిగాడు.