చెన్నపురి భూగర్భమున మా ప్రయాణము

తిరుపతినుండి చెన్నపురికి బోవుట మన సీమవారి కపూర్వము గాదు. పెండ్లిచీరలకును, వైద్యమునకును, బంధుదర్శనమునకును మన పెద్దలు తరతరములుగా పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణముల మీదుగా పోవుచునే యున్నారు. కాని గడచిన కార్తికమాసమున మేము చేసిన ప్రయాణములో కడపటి భాగము మాత్రము మా యింట నంతకుముందెవరును చేసినది కాదు. అది నేలక్రింద సాగినది.

మా అత్తగారికి రెండు కన్నులను శుక్లములు గ్రమ్మెను. ఉపాధ్యాయులైన మావారు పరీక్షల పని విడిచి రాజాలకపోయిరి. షెనాయ్ నగరులోని మా ఆడుబిడ్డ యింటికి మధ్యాహ్నములోపల చేరినగాని ఆనాడు వైద్యుని జూచుటకు వీలులేదు. ఆ దినము తప్పినచో చికిత్స మరి యొక నెలకు వెనుకబడును. కావున అత్తగారిని వెంటబెట్టుకొని మేమే బయలుదేరితిమి. మగవారి తోడులేక అంతదూరము పోవుట మాకు అదియే మొదటిసారి.

సెంట్రల్ స్టేషనులో దిగునప్పటికి వాన కుండపోతగా కురియుచుండెను. వీథిలో బండ్లు కదలుట లేదు. “వదినా, ఆటోలకై నిలువబడకుడు. మెట్రోలో రండు. అయిదవ స్టేషనే మాది” అని ఆడుబిడ్డ ఫోనులో జెప్పెను.

అత్తగారు మెట్లకడ నిలిచిపోయిరి. “ప్రాణముండగా భూమిలోనికి దిగుట యేమమ్మా! సీతమ్మ దిగెను, తిరిగి వచ్చెనా? పైన నింత నీరుండగా క్రిందికి రాకుండునా?” అనిరి.

రెండవ ప్రశ్నకు మాకు సమాధానము తెలియును. పెద్ద యంత్రము భూమిని గుండ్రముగా దొలుచుకొనుచు ముందునకు సాగగా, దాని వెంటనే కాంక్రీటు పలకలను వలయములుగా గూర్చి సొరంగమునకు లోగోడ గట్టుదురు. బావికి ఒరలు దింపినట్లే, కాని యిచ్చట ఒరలు అడ్డముగా నుండును. ఈ మాట చెప్పగా వారు తల యూచిరి. కాని మొదటి ప్రశ్నకు మాయొద్ద బదులు లేదు. నిజము చెప్పవలెనన్న మా కాళ్లును వణకుచుండెను.

అప్పుడు మాకు కిష్కింధాకాండము స్మరణకు వచ్చెను. సీతాదేవిని వెదకుచు దప్పిగొన్న వానరులు, తడిసిన రెక్కలతో పక్షులు వెలువడుచున్న యొక బిలమును జూచి, లోన నీరుండునని తలచి, ఒకరి చేయి నొకరు పట్టుకొని చీకటిలో బ్రవేశించిరి. లోపల వెలుగును, ఫలములును, స్వయంప్రభ యను తపస్వినియు నుండెను. ఆమె వారి ఆకలి దీర్చి, కన్నులు మూసికొనుడని చెప్పి క్షేమముగా వెలుపలికి జేర్చెను. “అత్తమ్మా, సీతమ్మ దిగిన దారి గాదు, హనుమంతుడు దిగిన దారి యనుకొనుడు” అంటిమి. వారు మాటలాడక మా చేయి పట్టుకొనిరి.

కదలుమెట్ల అంచు వారికి గానరాదు. ఎట్లు దించవలెనో తోచక నిలిచియుండగా, అచ్చట కావలియున్న యొక యువతి మమ్ము లిఫ్టుకడకు గొనిపోయెను. ఆమె తమిళమున బలికినను చిత్తూరు సీమవారికి ఆ భాష పొరుగింటి భాషయే గదా! సెంట్రలులో రెండు మార్గములు ఒకదానిక్రింద నొకటి పోవును. ఆమె మాకు వలసిన మార్గమును జూపి, స్త్రీల పెట్టె ఎచ్చట ఆగునో చెప్పి వెడలిపోయెను. బండి వచ్చి నిలిచినగాని పట్టాలవైపు తలుపులు తెరచుకొనవు గనుక జారిపడుదుమను భయములేదు. లోన చల్లని గాలి, పట్టపగలువంటి వెలుగు. ఎళుంబూరు, నెహ్రూ పార్కు, కీళ్పాకము, పచ్చయప్ప కళాశాల స్టేషనులు గడచి షెనాయ్ నగరున దిగి పైకి వచ్చితిమి. ఎదుట నొక ఉద్యానము! ఆ స్టేషను తిరు వి.క. పార్కు క్రిందనే యున్నది. తడిసిన ఆకుల వాసనకు అత్తగారు, “చెట్లున్నవా?” అని యడిగిరి. సమయమునకే చేరితిమి.

చికిత్సానంతరము వారు విశ్రమించియుండగా ఈ రైళ్ల చరిత్రను ఆడుబిడ్డ కుమారుడు మాకు వినిపించెను. లోకమున మొదటి భూగర్భ రైలు 1863లో లండను నగరమున నడచినదట. ఆనాటివి ఆవిరియంత్రములు గనుక సొరంగమంతయు పొగయే. 1890లో అచ్చటనే లోతైన సొరంగమున విద్యుత్తుతో నడచు రైలు వచ్చెను. మన దేశమున కలకత్తాకు 1984లో ఆ భాగ్యము గలిగెను. చెన్నపురిలో 2015లో మొదలైన మెట్రో, 2017లో తిరుమంగళమునుండి నెహ్రూ పార్కువరకు తొలుత నేలక్రింద నడచి, 2018లో సెంట్రలు జేరెను. మొదటి దశలోని సుమారు 45 కిలోమీటర్లలో సగమునకు పైగా భూగర్భమే.

అతడు చెప్పిన మరియొక సంగతి విని మేము విస్తుపోయితిమి. ఆ దశకై చేయించిన 42 బండ్లలో మొదటి 9 బ్రెజిలు దేశమునుండి రాగా, తక్కిన 33 బండ్లును మన సత్యవేడు చేరువనున్న శ్రీసిటీలోని ఆల్‌స్టామ్ కర్మాగారమున తయారైనవి. అది నాడు చిత్తూరు జిల్లా. 2022నుండి తిరుపతి జిల్లా. మనమే భయపడి యెక్కిన బండి మన యూరి ప్రక్క పుట్టినదన్నమాట!

తిరుగు ప్రయాణమున అత్తగారు కంటికి నల్లద్దములు ధరించి, ఒక్కొక్క స్టేషను వచ్చినప్పుడెల్ల వ్రేళ్లు మడచి లెక్కించిరి. ప్రక్కన గూర్చున్న యామెతో, “ఈ బండి మా జిల్లాలో చేసినదమ్మా” అని చెప్పుకొనిరి. అది బ్రెజిలు బండి కావచ్చునని చెప్పుటకు మాకు మనసొప్పలేదు.

సోదరీమణులారా! వృద్ధులతో చెన్నపురికి బోవువారు జంకక ఆ మార్గమున బొండు. లిఫ్టును, స్త్రీల పెట్టెయు నున్నవి. అడిగినచో దారి చూపువారును గలరు. సెంట్రలులో కదలుమెట్ల దగ్గరకు రాగానే మేము అలవాటుగా అత్తగారి చేయి పట్టబోతిమి. “విడువవమ్మా, నాకిప్పుడు అంచు కనబడుచున్నది” అని వారు, ప్రక్కకమ్మి పట్టుకొని, మాకంటె ముందుగా అడుగుపెట్టిరి.