చుక్క వెనక తోవ

మాది పలిమెల వైపు కోయగూడెం. బడి కొలువు మూలంగా కొన్నేళ్లుగా కాళేశ్వరంలో ఉంటున్నాం. మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత మారుతి 800 కారు ఉంటుంది. 1983లో రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన రకం బండి అది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజన్. మా చేతికి వచ్చేసరికే ఇద్దరు వాడిన బండి. చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా రాత్రిపూట మాకే ఫోన్ వస్తుంది. జిల్లా కేంద్రం భూపాలపల్లి యాభై కిలోమీటర్లకు పైనే. అందుకే అది మా ఒక్క ఇంటి బండి కాదు.

నిరుడు వానలకు ముందు బండి కింద నల్లటి చుక్కలు కనిపించాయి. మొదట పట్టించుకోలేదు. తర్వాత దూరం పోయినప్పుడల్లా కాలిన నూనె వాసన మొదలైంది. ఆయిల్ గేజ్ తీసి చూస్తే నూనె కింది గీతకు దిగింది. నూనె తగ్గితే ఇంజన్ పట్టేస్తుంది. కారిన నూనె వేడి పొగగొట్టం మీద పడితే మంట అంటుకోవచ్చు. భయపడి పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. అక్కడి మనిషి టార్చి వేసి ఒక్క చూపు చూసి, "ఇంజన్ దించాలె సార్. పదిహేను వేలయితది" అన్నాడు.

మేము తల ఊపి వచ్చేశాం. నూనె ఎక్కడి నుంచి కారుతున్నదని ఒక్క మాట అడగలేదు. యంత్రాలు మనవి కావు, మనకేం తెలుస్తుంది అన్న జంకు మా లోపలే ఉంది. టీటీసీ చదివి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు "ప్రశ్నలు అడగండి" అని చెప్పే మేమే నోరు మూసుకున్నాం.

ఆ రాత్రి మా నాయన గుర్తుకొచ్చాడు. ఆయన తేనె కోసం అడవంతా తిరిగేవాడు కాదు. నీళ్ల దగ్గర వాలిన ఈగను చూసి, అది ఎటు లేచిందో చూసి, ఆ తోవనే పోయి తుట్టెను పట్టేవాడు. నూనె చుక్కకూ తోవ ఉంటుంది కదా అనుకున్నాం.

ఆదివారం ఇంజన్ పూర్తిగా చల్లారాక పాత బనియన్ గుడ్డలతో జిడ్డంతా తుడిచాం. ఆరిన తర్వాత అనుమానమున్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాం. బండిని పది నిమిషాలు స్టార్టు చేసి ఉంచి చూశాం. తెల్లటి పౌడరు మీద తడి గీత కనబడింది. చుక్క రాలేది కింద. గీత మొదలైంది మాత్రం పైన, ట్యాపెట్ కవర్ అంచు దగ్గర. ఇంజన్ దించే పనే లేదు.

కవర్ విప్పితే లోపలి రబ్బరు ప్యాకింగ్ ఏళ్ల వేడికి ఎండి, వంచగానే పెళుక్కున విరిగింది. కొత్తది రెండు వందలకే దొరికింది. రెండు అంచులూ శుభ్రంగా తుడిచి, ప్యాకింగ్ కూర్చోబెట్టి, నట్లను కొంచెం కొంచెంగా, అన్నీ సమానంగా బిగించాం. బలం చూపిస్తే ప్యాకింగ్ నలిగిపోతుంది. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పడుకున్నాం. నాలుగు రోజులు అట్ట పొడిగానే ఉంది. అయిదో రోజు మళ్లీ చుక్క!

ఇంటర్ చదివే మా అన్న బిడ్డ పక్కనే కూర్చొని చూస్తున్నది. "చిన్నాయినా, అన్నం ఉడికేటప్పుడు మూత గట్టిగ పెడితే గంజి అంచుల నుంచి పొంగుతది గదా. దీని ఆవిరి ఎటు పోతది?" అన్నది.

మాకు ఆ ఆలోచనే రాలేదు. పిస్టన్ల పక్క నుంచి కొంత గాలి కిందికి జారుతుంది. అది బయటపడేందుకు కవర్ మీద నుంచి ఒక రబ్బరు పైపు ఉంటుంది. ఊడదీసి చూస్తే అది మడ్డితో పూడుకుపోయింది. గాలికి తోవ లేక నూనెను అంచుల నుంచి తోస్తున్నది. పైపు కడిగి ఆరబెట్టి బిగించాం. ఆ తర్వాత అట్ట మీద మరక పడలేదు.

నూనె మార్చే గడువు కూడా రావడంతో పాత నూనె దించాం. దాన్ని వాగులో పారబోయడం, చెదలకు పూయడం చాలామందికి అలవాటే. 2016 నిబంధనల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. ఈ గోదావరి నీళ్లే మనమూ మన పశువులూ తాగేది. డబ్బాలో మూతపెట్టి, పాత నూనె తీసుకునే చోట అప్పజెప్పాం.

1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితో చదువు చెప్పాలన్నారని టీటీసీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వార్ధా నది వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అయి, మా కళ్లముందే గోదావరిలో కలుస్తుంది. నీళ్లు ఎప్పుడో వచ్చాయి. ఆ పాఠం మా చేతుల దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా అన్న బిడ్డ ఇప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటున్నది. "ఆడపిల్లకు పానాలెందుకు?" అని ఇంట్లోనే కొందరంటున్నారు. గంజి పొంగును చూసి ఇంజన్ జబ్బు చెప్పిన పిల్ల అది. ఆ మాట పదిమందిలో చెప్పి ఆమె పక్కన నిలబడటం ఇప్పుడు మా పని. సాటి ఉపాధ్యాయులారా, మీ బడిలోనూ అలాంటి పిల్ల ఉంటుంది. ఆమె ఏమంటున్నదో ఒకసారి వినండి.